కారు మీది మూట

చాదర్‌ఘాట్ వంతెన దాటి, రైలు వంతెన క్రిందుగా వచ్చి, నల్లగొండ చౌరస్తా వైపు సాగే మలక్‌పేట రోడ్డును చూడవలసినది పండుగ సెలవుల ముందటి తెల్లవారుజామున. కారు వెంట కారు విజయవాడ దారి పడుతుంది. సగము కార్ల నెత్తిన ఏదో ఒక మూట ఉంటుంది. సూట్‌కేసులు, పరుపుచుట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒకసారైతే చిన్నపిల్లల మూడు చక్రాల సైకిలు కూడా చూశాను. పైన మెట్రో స్తంభాలు వచ్చాయి, 2018 సెప్టెంబరు నుండి రైళ్ళు నడుస్తున్నాయి. క్రింద మూటల సంగతి మాత్రము మారలేదు.

గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులోని మాలిక్ యాకూబ్ పేరు మీదుగా ఈ పేటకు ఆ పేరు వచ్చిందని అంటారు. 1886లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గుర్రపు పందెములను మౌలాలి నుండి ఇక్కడికి మార్పించాడు. ఆయన పేరుతోనే ఉన్న మహబూబ్ మాన్షన్ ఆవరణలోని గంజిలోకి వెళితే ఉల్లిగడ్డల వాసన, మిరపకాయల ఘాటు కలిసి ముక్కును పట్టుకుంటాయి. పందెముల సంగతి నాకు తెలియదు గాని, గంజి నాకొక పాఠము నేర్పింది. దాని గూర్చి తరువాత చెబుతాను.

మా ఊరు కోదాడ ప్రక్కన. నా చిన్నతనములో ప్రయాణమంటే ఆర్.టి.సి. బస్సే. బస్సు వెనుక ఇనుప నిచ్చెన, పైన క్యారియరు, దాని మీద బియ్యపు మూటలు, కోళ్ళ గంపలు. తరువాత అంబాసిడరు, ఫియటు కార్ల కాలము. ఆ కార్లకు పైకప్పు అంచున వాన నీరు జారే సన్నని గాడి ఉండేది. క్యారియరు కాళ్ళు ఆ గాడిలోనే బిగించేవారు. ఇప్పటి కార్లకు ఆ గాడి లేదు. కనుక ఒక కారుకు సరిపోయిన క్యారియరు మరొక దానికి సరిపోదు. ఇది తెలియకనే నేను మొదటి తప్పు చేశాను.

కొన్నేళ్ళ క్రితము వేసవి సెలవులకు బయలుదేరుతూ, తెలిసినవారి ఇంట మూల పడియున్న పాత క్యారియరును తెచ్చి, రబ్బరు ముక్కలు అడ్డుపెట్టి మా కారుకు బిగించాను. మూడు సూట్‌కేసులు పెట్టి, టార్పాలిను కప్పి, నైలాను తాడుతో కట్టాను. “ఏమండీ, తాడు గట్టిగా ఉందా?” అని మా ఇంటావిడ రెండుసార్లు అడిగింది. “నేను కట్టాను కదా” అన్నాను. చౌటుప్పల్ దాటిన తరువాత టార్పాలినులోకి గాలి దూరి బుడగలాగ ఉబ్బింది. తాడు సడలింది. అద్దములో చూసేసరికే ఒక సూట్‌కేసు గాలిలో ఉంది. వెనుక మోటారు సైకిలు మీద భార్య, భర్త, మధ్యలో నాలుగేళ్ళ పాప. ఆయన బండిని ప్రక్కకు త్రిప్పి మట్టిలోకి పోయి పడిపోయాడు. పాపకు ఏమీ కాలేదు. ఆ తల్లి మోచేయి గీరుకుపోయింది. నేను పరుగెత్తి వెళ్ళి చేతులు జోడించాను. ఆయన నన్ను తిట్టలేదు. సూట్‌కేసు తెచ్చి నా చేతికిచ్చి, “జాగ్రత్తగా కట్టుకోండి సార్” అన్నాడు. తిట్టి ఉంటే ఇంత కాలము గుర్తుండేది కాదేమో.

ఆ తరువాత చాలా కాలము కారు మీద ఏమీ పెట్టలేదు. అయితే పిల్లలు పెద్దవారయ్యారు, అమ్మ మాతోనే ఉంటుంది, డిక్కీ చాలడం లేదు. ఇప్పుడు కొందరు కార్ల మీద నల్లని పొడవాటి ప్లాస్టిక్ బాక్సు పెట్టుకొని తిరుగుతున్నారు కదా, అటువంటిది కొందామనుకున్నాము. స్వీడను దేశములో 1942లో మొదలైన థూలే అనే సంస్థది ఈ సరుకులో పేరున్న మాట. అంత ధర పెట్టలేనివారికి తక్కువ వెలవి కూడా ఉన్నాయి. దుకాణములో అబ్బాయి ప్రతి బాక్సుకూ ఇన్ని లీటర్లు అని చెప్పుకుపోయాడు. మూడు వందల లీటర్లు, నాలుగు వందలు, అయిదు వందలు. “బాబూ, కిలోలు చెప్పు” అన్నాను. అతడు తడుముకున్నాడు.

ఆ ప్రశ్న నాకు గంజిలో దొరికినదే. ఒక సాయంత్రము అక్కడ వృద్ధుడైన ఒక హమాలీ లారీకి సరుకు ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. మిరప బస్తాలను మేడంత ఎత్తు పేర్చుతున్నారు. “తాతా, పడిపోదా?” అంటే, “మిర్చి తేలిక బిడ్డా, ఎంతన్నా పోతది. ఉల్లిగడ్డ గట్ల వేస్తే బండి తిరగబడ్తది. బరువు కిందుండాలె” అన్నాడు.

కారుకూ అదే లెక్క. ప్రతి కారు పుస్తకములో పైకప్పు మీద ఎంత బరువు పెట్టవచ్చునో వ్రాసి ఉంటుంది. చాలా కార్లకు అది 50 నుండి 75 కిలోల లోపే. మా కారుకు 50. బాక్సు బరువే 18 కిలోలు. దానిని మోసే రెండు అడ్డకమ్మీలు 5 కిలోలు. ఇవి కూడా ఆ యాభైలోనివే. మిగిలినది 27 కిలోలు! అనగా ఒక్క బియ్యపు బస్తా. లీటర్లు చూసి కొన్నవాడు నాలుగు బస్తాలు పట్టేంత చోటు ఉందని సంతోషించి నింపుతాడు. నెత్తి బరువైన కారు మలుపులో ఊగుతుంది, బ్రేకు వేసినప్పుడు ఆలస్యముగా ఆగుతుంది. కావున మా ఇంట ఇప్పుడు బియ్యము, పచ్చడి జాడీలు, నూనె డబ్బాలు క్రింద డిక్కీలోకి పోతాయి. దుప్పట్లు, బట్టలు, చెప్పులు, దిండ్లు మాత్రమే పైకి ఎక్కుతాయి. ఇంత ఓపిక లేనివారు ఆ బాక్సు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయము.

ఇక చూడవలసినవి మరికొన్ని. బాక్సు మూత రెండు ప్రక్కలా తెరుచుకునేదైతే మేలు. మలక్‌పేట మెయిన్ రోడ్డు మీద బండి ఆపి, బస్సులు రాసుకుపోయే వైపు నిలబడి సామాను దించినవారికి నేను వివరించనక్కరలేదు. మూత పూర్తిగా పడితే తప్ప తాళపుచెవి బయటికి రాని బాక్సులు ఉంటాయి, అవే ఎంచుకోండి. డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి, అది బాక్సుకు తగలకుండా ఉందో లేదో దుకాణము ముందే చూడండి. గుడ్డ సంచి రకము చవుక గాని, పెద్ద వానకు కుట్ల వెంట నీరు దిగవచ్చు, బెల్టులు గాలికి రొద చేస్తాయి.

ఎత్తు మరచిపోవద్దు. మా అపార్టుమెంటు సెల్లారులో నీటి గొట్టాలు క్రిందుగా వేలాడుతున్నాయి. బాక్సుతో మా కారు ఎత్తు రెండు మీటర్లు దాటింది. ఆ సంఖ్యను కాగితము మీద వ్రాసి స్టీరింగు ఎదుట అంటించాను. మొదటి రోజునే పనికి వచ్చింది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో బండి స్వరూపమును మార్చడము గూర్చి 52వ సెక్షను ఉంది. కనుక వెల్డింగు పెట్టించి శాశ్వతముగా బిగించే పని వద్దు. విప్పి తీసే బాక్సుకైనా రవాణా శాఖ కార్యాలయములోను, ఇన్సూరెన్సు వారిని ముందే అడగండి.

పెట్రోలు సంగతి కూడా ఉంది. అమెరికా ప్రభుత్వపు లెక్క ప్రకారము పెద్ద మొద్దు బాక్సు పైన ఉంటే మైలేజి ఊరిలో 2 నుండి 8 శాతము, హైవే మీద 6 నుండి 17 శాతము తగ్గుతుంది. ఇంకా వేగముగా పోతే నాలుగవ వంతు దాకా పోవచ్చును. అందువలన ప్రయాణము కాగానే విప్పి ఇంటిలో పెట్టాలి. సంవత్సరములో రెండుసార్లు వాడే వస్తువుకు ఒక్కరే అంత డబ్బు పెట్టనేల? మా బావమరిదీ నేనూ కలిసి ఒక బాక్సు కొన్నాము. కమ్మీలు మాత్రము ఎవరి కారుకు తగినవి వారివే.

మొన్న క్రిస్మసు సెలవులకు తెల్లవారకముందే బయలుదేరాము. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ వెనుకబడ్డాయి. పూర్వము తొమ్మిదవ నంబరు, ఇప్పుడు అరవై అయిదవ నంబరు జాతీయ రహదారి మంచులో తెల్లగా కనబడింది. బిగించిన బాక్సు కొంత దూరము పోయాక సర్దుకొని సడలవచ్చును గనుక చౌటుప్పల్ దగ్గర టీ కొరకు ఆగాము. అమ్మకు టీ ఇచ్చి, నేను నాలుగు క్లాంపులనూ చేత్తో పట్టి చూశాను. మూడు బిగువుగానే ఉన్నాయి. నాలుగవది పావు చుట్టు తిరిగింది. బిగించి, మరొకసారి ఊపి చూసి, బండి ఎక్కాను.