చివరి అంకె ఎటు పోయింది?



మేం ముగ్గురం పరిటాలలో రూము తీసుకుని ఇంజనీరింగ్ చదువుతున్నాం. పోయిన వేసవి సెలవుల్లో జగ్గయ్యపేట వైపు మా తండాల్లో, స్కాలర్‌షిప్‌కి అప్లై చేసే పిల్లల వివరాలు ఎక్కించడానికి ఒక చిన్న ఫారం తయారుచేశాం. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో పనిచేసేలా జావాస్క్రిప్ట్‌లో రాశాం. పేరు, కాలేజీ, బ్యాంకు ఖాతా నంబరు, అంతే. ఏదో సాధించామని అనుకున్నాం కూడా.

వారానికి ఒక యాడి పాస్‌బుక్ పట్టుకొచ్చింది. "బేటా, దీంట్లో చివర 3 ఉంది. మీ కాగితంలో 2 ఉందేంటి?" చదువు రాని మనిషి. ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకుంది. టైపింగ్ తప్పేమోలే అనుకున్నాం. తీరా మిగతా పాస్‌బుక్కులతో పోల్చి చూస్తే ఇంకో ఐదుగురివీ తేడా. అన్నీ 9తో మొదలయ్యే 16 అంకెల నంబర్లే, అన్నిటికీ చివర బేసి అంకే. చివర సరి అంకె ఉన్నవి మాత్రం భేషుగ్గా ఉన్నాయి! అందుకే అన్ని రోజులు మా కంట పడలేదు.

సంగతేంటంటే, జావాస్క్రిప్ట్ 1995లో పుట్టినప్పుడు చిన్న అంకెకీ, పెద్ద అంకెకీ, దశాంశానికీ అన్నిటికీ ఒకే రకం పెట్టె పెట్టారు. 64 బిట్ల పెట్టె. పూర్ణాంకాన్ని తప్పు లేకుండా దాచడానికి అందులో 53 బిట్లే పనికొస్తాయి. 2 పవర్ 53 అంటే 9007199254740992, మన లెక్కలో సుమారు 90 కోట్ల కోట్లు. అది దాటితే రెండేసి చొప్పున అడుగేస్తుంది. 9007199254740993 కొట్టి చూడండి, చివర 2 అయి కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. సర్వర్‌లో మేం వాడింది పైథాన్. దానికి ఎంత పెద్ద పూర్ణాంకమైనా లెక్కలేదు గానీ, అప్పటికే పాడైన అంకెని భద్రంగా దాచిపెట్టింది పాపం.

మరి ఇన్నేళ్లలో బాగుచెయ్యలేదా అని మాకు కోపమొచ్చింది. ఆ పెట్టెనే మార్చేస్తే లోకంలో పాత వెబ్ పేజీలు ఎన్ని ఆగిపోతాయో ఎవరు చెప్పగలరు? అందుకే 2020లో బిగ్‌ఇంట్ అని వేరే రకం తెచ్చారు. పాత నంబరుతో కలిపి కూడితే ఎర్రర్. జేసన్‌లో నేరుగా పంపబోయినా ఎర్రరే. పైథాన్ వాళ్లు తెగించి, 2008లో వచ్చిన 3.0లో ఇంట్, లాంగ్ రెండిటినీ ఒకటి చేశారు, ఇంకా చాలా మార్చారు. దాంతో పాత పైథాన్ 2ని 2020 దాకా పక్కనే మొయ్యాల్సొచ్చింది.

ఆ కోపం మా పని దగ్గరికొచ్చేసరికి చల్లారింది. పాత గడి తీసేద్దామంటే తండాల్లో ఫోన్లలో ఉన్నది పాత ఫారమే. సిగ్నల్ దొరికినప్పుడు దాంట్లోంచే వివరాలొస్తాయి. గడి తీసేస్తే ఆ పిల్లల వివరాలు గుమ్మం దగ్గర్నుంచే వెనక్కిపోతాయి. అందుకని పాతది ఉంచి, పక్కన అక్షరాలుగా దాచే కొత్త గడి పెట్టాం. 2010లో ట్విట్టర్ వాళ్లూ ఇదే చేశారు, పాత ఐడీ పక్కన అక్షరాల ఐడీ. అయినా ఖాతా నంబర్లని మేం కూడామా, గుణించామా? ముందే అక్షరాలుగా పెట్టాల్సింది. తప్పు మాదే.

పోయిన అంకె మాత్రం ఏ కోడ్‌తోనూ రాదు. ఆ యాడి నంబరులో 2 కనపడిందంటే అసలుది 1 అయినా, 2 అయినా, 3 అయినా కావచ్చు. అందుకే బండేసుకుని తండా తండాకీ తిరిగి పాస్‌బుక్కులు చూస్తున్నాం. ఇంకా రెండు తండాలు మిగిలాయి. మా పాత ఫారం నింపినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే కబురు చెయ్యండి, మేమే వస్తాం. నంబరు మాత్రం గ్రూపులో పెట్టకండి.