బెజ్జం గుల్లయితే బిగించి లాభం లేదు

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగామంటే కోనసీమలో అడుగుపెట్టినట్టే. అక్కణ్ణుంచి ఆత్రేయపురం వైపు ఒక పక్క కాలువ, ఇంకో పక్క అరటితోటలు, మధ్యలో రోడ్డు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని పేరుపేరునా ఊళ్లు చెబుతోంది. ఆమె పుట్టిల్లు రాజోలు దగ్గర. పెద్ద వయసులో అంతర్వేది నరసింహస్వామిని ఇంకోసారి చూడాలని అడిగింది కాబట్టే ఈ ప్రయాణం. నడుము నొప్పితో గంటల తరబడి కూర్చోలేదు కాబట్టే ఈ బండి.

బండి అంటే టెంపో ట్రావెలర్. లోపల సీట్లు తీయించి మంచం, వంటగట్టు, సింకు, మడత బల్ల, తల మీద రెండు వైపులా అల్మారాలు పెట్టించి కారవాన్‌గా రిజిస్టర్ చేయించాం. తెలుగువాళ్లకు బండిలో కాపురం మరీ కొత్తేమీ కాదు. 1982లో ఎన్.టి. రామారావు గారు షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చుకుని, హరికృష్ణ గారు నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. తిండీ నిద్రా చాలావరకు అందులోనే. ఆ బండి లోపలి పని ఎవరు చేశారో గానీ, అన్ని వేల కిలోమీటర్ల అప్పటి రోడ్ల మీద అది నిలబడిందంటే ఆ పనివాళ్లకు దణ్ణం పెట్టాలి. ఆ పని విలువ ఇప్పుడు నాకు బాగా తెలిసింది.

లొల్ల లాకుల దగ్గర టీకి ఆగినప్పుడు మా బావమరిది వెనక తలుపు తీసి, "బావా, ఇటు రా" అన్నాడు. అమ్మ పడుకునే మంచానికి సరిగ్గా పైన ఉన్న అల్మారా తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. రెండో బందు స్క్రూలు దుప్పటి మీద పడి ఉన్నాయి. మడత బల్ల కాలు ఊగుతోంది. కర్టెన్ కడ్డీ బిగింపు ఒకటి గోడ వదిలేసింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది అల్మారా వెనక భాగం. చేత్తో నొక్కితే గోడకీ దానికీ మధ్య కాగితం పట్టేంత సందు కనిపించింది. బియ్యం, పప్పులు, గిన్నెలు అన్నీ అందులోనే. సామానంతా దించి కింద పెట్టి, అమ్మను ముందు సీట్లోకి మార్చి బయల్దేరాం.

ఇంట్లో గోడ కదలదు. బండిలో గోడా, నేలా, కప్పూ అన్నీ కదులుతూనే ఉంటాయి. కోనసీమ రోడ్ల మీద అయితే మరీను. ఊరికో స్పీడ్ బ్రేకరు, పంట కాలువకో కల్వర్టు, కల్వర్టుకో ఎత్తు. బండి ముందు చక్రాలు ఎక్కి వెనక చక్రాలు దిగేలోపు డబ్బా మొత్తం ఒక్కసారి మెలి తిరుగుతుంది. ఆ మెలికలో రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జరుగుతాయి. గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో దీన్నే పరీక్ష పెట్టి చూపించాడు. నట్టూ బోల్టూ నిలువు అదురు కంటే ఇలా అడ్డంగా జరిగే అదురుకే తొందరగా వదులవుతాయి. ఎంత బలంగా బిగించినా సరే, బిగించిన భాగాలు పక్కకు జారుతుంటే మర తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. మన మెకానిక్కులు ప్రతి నట్టు కిందా వేసే స్ప్రింగ్ వాషర్ ఈ జారుడును పెద్దగా ఆపదని కూడా అదే రకం పరీక్షల్లో తేలింది.

చెక్కలో స్క్రూ సంగతి ఇంకో రకం. అక్కడ స్క్రూ వెనక్కి తిరగడం కంటే ముందే బెజ్జం చెడిపోతుంది. ఊగిన ప్రతిసారీ స్క్రూ మర పక్కనున్న పీచును కాస్త నలుపుతుంది. గుండ్రటి బెజ్జం కోలగా మారుతుంది. మనం స్క్రూడ్రైవర్ తీసి మళ్లీ బిగిస్తాం. ఒక పూట నిలుస్తుంది. మిగిలిన పీచు కూడా ఆ బిగింపుతోనే తెగుతుంది.

ఇదంతా కొత్తపేటలో ఒక వడ్రంగి మేస్త్రి గారు అరనిమిషంలో చెప్పేశారు. రావులపాలెం అరటి మార్కెట్టు రద్దీ దాటి కొత్తపేట చేరేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డులో ఆయన గుమ్మానికి చిత్రిక పడుతున్నారు. పని ఆపి, బండెక్కి, అల్మారా వెనక చెయ్యి పెట్టి చూశారు. రాలిన స్క్రూ ఒకటి అరచేతిలో పెట్టుకుని గోటితో మర గీకారు. గోధుమరంగు పొడి రాలింది.

"ఆయ్, ఇది చెక్క కాదండి, పొట్టు. రంపపు పొట్టు జిగురేసి నొక్కిన బోర్డండి. ఇంట్లో అయితే నడుస్తాదండి, బండిలో నిలబడదు. స్క్రూలు చూడండి, జిప్సం బోర్డుకి కొట్టే నల్ల స్క్రూలు. అదురుకి ఇవి తలకాయలు ఎగిరిపోతాయండి."

"మళ్లీ గట్టిగా బిగిస్తే?"

"బెజ్జం గుల్లయిపోయాక బిగించి లాభం లేదు బాబుగారూ. బెజ్జం కొత్తది పుట్టించాలండి."

అగ్గిపుల్లలు, ఫెవికాల్ పెట్టి బిగించమని హైదరాబాద్‌లో ఒకరు చెప్పారని అన్నాను. చిన్న పనికి అదీ పనికొస్తుందన్నారు. కొబ్బరి ఈనె పెట్టవచ్చా అని బావమరిది అడిగితే, ఈనె పైన నున్నగా ఉంటుంది, జిగురు పట్టదు, పెడితే వెదురు పుల్ల పెట్టాలి అన్నారు. కానీ అల్మారా తలుపు బందులకు ఆయన అదీ చేయలేదు. బెజ్జాన్ని ఎనిమిది మిల్లీమీటర్లకు పెద్దది చేశారు. షెడ్డు మూలనున్న టేకు ముక్క తీసి అంతే లావున గుండ్రంగా చీల చెక్కారు. చీలకు నిలువునా సన్నటి గాడి ఒకటి గీశారు. ఎందుకని అడిగితే, లోపల చేరిన జిగురుకీ గాలికీ బయటికి దారుండాలి, లేకపోతే చీల అడుగంటా దిగదు అన్నారు. జిగురు రాసి, చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పైకి మిగిలిన కొసను ఉలితో సాపు చేశారు.

"రేపు పొద్దున్న రండి" అన్నారు.

సాయంత్రానికి ఆరదా అంటే, ఇది కోనసీమ అండి, గాలిలోనే నీళ్లుంటాయి, తొందరపడితే చీల స్క్రూతో పాటే తిరిగేస్తుంది అని తేల్చేశారు. ఆ రాత్రి అక్కడే ఆగాం. దగ్గర్లోని పలివెలలో కొప్పులింగేశ్వరస్వామి దర్శనం అయింది. అనుకోకుండా దొరికిన ఆ సాయంత్రం అమ్మకు చాలా ఇష్టమైంది.

మర్నాడు మేస్త్రి గారు చీల నడిమధ్యలో మూడు మిల్లీమీటర్ల బరమాతో బెజ్జం వేశారు. నాలుగు మిల్లీమీటర్ల స్టీలు స్క్రూ మరకు సబ్బు రాసి, చేత్తోనే బిగించారు. డ్రిల్ మిషను పక్కనే ఉంది. ముట్టుకోలేదు. చివరి చుట్టు మిషనుతో తిప్పితే చెక్క అరుపు వినపడదు, చేత్తో తిప్పితే ఎక్కడ ఆగాలో మణికట్టే చెబుతుంది అన్నారు. ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అల్మారా బరువు మోసే వెనక భాగానికి మాత్రం స్క్రూలే వద్దన్నారు. చీల తలుపుకు చాలుతుంది గానీ బరువుకు చాలదు. అల్మారా లోపల ఈ చివరి నుంచి ఆ చివరికి టేకు పట్టీ ఒకటి వేసి, బండి ఇనుప చట్రం దాకా బోల్టులు దూర్చి, వెడల్పాటి వాషర్లు వేసి నైలాక్ నట్లతో బిగించాలి. నైలాక్ అంటే నట్టు కొసన నైలాన్ కంకణం ఉన్నది. అది బోల్టు మరను కరుచుకుని ఉంటుంది, అదురుకు వెనక్కి తిరగనివ్వదు. విప్పిన నైలాక్ నట్టును మళ్లీ మళ్లీ వాడకూడదు, కంకణం అరిగి పట్టు తగ్గుతుంది. పట్టీ ఆయన ఇచ్చారు. నట్లు, బోల్టులు అమలాపురంలో తీసుకున్నాం.

ఆ హార్డ్‌వేర్ షాపులో నీలిరంగు లాక్‌టైట్ సీసా ఒకటి కూడా కొన్నాను. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు తయారుచేసిన జిగురు అది. గాలి తగిలినంతసేపు ద్రవంగా ఉండి, రెండు లోహపు మరల మధ్య గాలి అందని చోట గట్టిపడుతుంది. కాబట్టి ఇనుములో ఇనుముకే పనికొస్తుంది, చెక్కలో పోస్తే దండగ. మడత బల్ల కాలుకూ సీటు పట్టాలకూ అదే వాడాం. నీలిరంగుదైతే రేపు స్పానరుతో విప్పుకోవచ్చు. ఎర్రదానికి వేడి పెట్టనిదే ఊడదు.

నట్లన్నీ బిగించాక అమ్మ గోళ్ల రంగు అడిగి తీసుకుని, ప్రతి నట్టు మీది నుంచి పక్క రేకు మీదికి ఒక సన్నటి గీత గీశాను. నట్టు కొంచెం తిరిగినా గీత విరుగుతుంది. స్పానరు పెట్టి చూడనక్కర్లేదు, టార్చి వేస్తే చాలు. విమానాల్లోనూ లారీ చక్రాల దగ్గరా ఇలాంటి గుర్తులే పెడతారు.

అమలాపురం నుంచి పి. గన్నవరం వైపు వెళ్తూ అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పక్కదారి పట్టాం. మేస్త్రి గారు చూసి వెళ్లమన్నారు. సంక్రాంతి కనుమ నాడు పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, మనుషులు మోసుకొచ్చే ఎత్తైన వెదురు ప్రభల మీద ఇక్కడికి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. మేము వెళ్లినప్పుడు తోట ఖాళీ. కానీ నాకు కావలసింది ప్రభ కట్టుబడి గురించిన మాట, అది తోట దగ్గర కొబ్బరికాయలు ఒలుస్తున్న పెద్దాయన చెప్పారు. దుంగల మీద వెదురు వంచి తాళ్లతో కడతారు. మోసేవాళ్లు పొలాల గట్ల మీద పరిగెడతారు, గంగలకుర్రు ప్రభలైతే కౌశిక కాలువ నీళ్లలోంచి దాటి వస్తాయి. అంత ఎత్తున అంత ఊగినా కట్టు విడదు. ఎందుకంటే తాడు ముడి ఊగుతుంది, ఊగుతూనే పట్టుకుంటుంది. మన బండిలోనూ ఈ పద్ధతికి చోటుంది. గిన్నెల అరకు, నీళ్ల డబ్బాకు నేను స్క్రూ బిగింపులు తీసేసి బెల్టులు వేశాను. అంబాజీపేటలో కొబ్బరి తాడు కావలసినంత దొరుకుతుంది, కానీ నేను నైలాన్ పట్టీలే తీసుకున్నాను.

పి. గన్నవరంలో గోదావరి పాయ వైనతేయ మీద కాలువ నీటిని నది దాటించే అక్విడక్టు ఉంది. 19వ శతాబ్దంలో కట్టిన పాతదాని పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసేదాకా లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టిన తల్లి ఆవిడ. అంతర్వేది దర్శనానికి బయల్దేరి, ఆకలితో తన ఇంటికి వస్తున్నవాళ్ల మాటలు దారిలో విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగిందని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. అమ్మ బండి ఆపమని, దిగి, నీళ్ల వైపు చేతులు జోడించింది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరాం. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. అక్కడ బండిని శ్రద్ధగా చూస్తే ఉప్పు గాలి చేసే పని తెలుస్తుంది. మేము మార్చకుండా వదిలేసిన నల్ల స్క్రూల తలల మీద తెల్లారేసరికి తుప్పు చుక్కలు. తుప్పు పట్టిన స్క్రూ చుట్టూ చెక్క కూడా నల్లబడి మెత్తబడుతుంది. సముద్రతీరంలో తిరిగే బండికి స్టెయిన్‌లెస్ తప్ప ఇంకోటి వాడకూడదు, అందులో 316 రకం దొరికితే ఇంకా మంచిది. బోర్డు కూడా నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అయి ఉండాలి, దాని మీద ఐఎస్ 710 ముద్ర చూసి కొనాలి.

గుడి దగ్గర స్వామివారి టేకు రథం చూశాం. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే, కొత్తది చేయించి 2021 ఫిబ్రవరి ఉత్సవానికి సిద్ధం చేశారు. అమ్మ పాత రథాన్ని తన చిన్నతనం నుంచీ ఎరుగును. కొత్తదాని చక్రం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. దర్శనం తృప్తిగా జరిగింది.

తిరుగు ప్రయాణంలో దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు వైపు దిగాక టార్చి వేసి చూశాను. అల్మారా నట్ల మీద గీతలన్నీ నిలిచే ఉన్నాయి. సింకు కింద పైపు బిగింపు ఒకటి మాత్రం కాస్త జరిగింది, దానికి పాత పొట్టు బోర్డే ఆధారం. ఊరెళ్లగానే ఆ బోర్డు తీయించేస్తున్నాను.

ఇలాంటి బండి కట్టించుకునేవాళ్లకు నా విన్నపం ఒకటే. తల మీద వేలాడే ఏ వస్తువుకైనా బండి చట్రం దాకా వెళ్లే బోల్టు, వెడల్పు వాషరు, నైలాక్ నట్టు వేస్తామని, పొట్టు బోర్డు వాడమని పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాయించుకోండి. దాని కింద పడుకునేది మన ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు.