పిల్లల్ని ఒక్కసారి యూనివర్సిటీ గేటు దాటించండి



గత ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీష్ క్లాసులో ఒక కాంపోజిషన్ ఇచ్చాను. టాపిక్ ‘స్కూలు అయ్యాక నేను చదవబోయే చోటు’. ఆ చోటు ఎలా ఉంటుంది, అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తారు అన్నది ఒక పేజీలో రాయమన్నాను. 36 పేపర్లు వచ్చాయి. దాదాపు అన్నిట్లోనూ ఐఐటీ, కొన్నిట్లో మెడికల్ కాలేజీ, రెండు మూడింట్లో అమెరికా. పేర్లు బాగానే రాశారు. ఆ చోటు గురించి మాత్రం ఎవరూ రెండు లైన్లు దాటి రాయలేకపోయారు. ఒకబ్బాయి ‘అక్కడ ఏసీ ఉంటుంది’ అని రాసి ఆపేశాడు. ఒకమ్మాయి ఇంకా చిన్నగా రాసింది: ‘ఆ చోటు నాకు తెలియదు. మా నాన్నకు తెలుసు.’

ఆ పేపర్‌కు ఎన్ని మార్కులు వేయాలో తెలియక పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఆ వయసులో నన్ను అడిగినా అదే రాసేదాన్ని.

నేను ఇంటర్ ఎంపీసీ చదివాను. ఎందుకు ఎంపీసీ అంటే, మా వీధిలో అందరూ అదే చదివారు. రెండేళ్లూ హైదరాబాద్‌లో హాస్టల్‌లోనే ఉన్నాను. లెక్కలు రాక కాదు, కానీ స్టడీ అవర్‌లో పుస్తకం కింద దాచుకుని చదివింది మాత్రం కథల పుస్తకాలే. ఇంజినీరింగ్‌లో మంచి సీటు రాలేదు. డిగ్రీలో చేరాను, తర్వాత బీఈడీ చేశాను. బీఈడీలో నా పక్క బెంచీ అమ్మాయి ఒకరోజు మాటల్లో తాను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివానని చెప్పింది. ‘పీజీకి వెళ్లావా?’ అని అడిగాను. ‘లేదు, ఇంటర్ అవగానే చేరాను. అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ’ అంది.

ఇంటర్ తర్వాత నేరుగా యూనివర్సిటీలో చేరవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పుడు నాకు 22 ఏళ్లు దాటాయి. నేనున్న హాస్టల్ నుంచి ఆ యూనివర్సిటీ గేటుకు సిటీ బస్సులో గంట ప్రయాణం. ఆ రెండేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఎవరూ మమ్మల్ని అటు తీసుకెళ్లలేదు. తీసుకెళ్లమని మేమూ అడగలేదు. మా నాన్నను కూడా తప్పు పట్టలేను. ఆయనకు తెలిసిన దారుల్లో మంచిదేదో అదే చూపించారు. నాకు బాధ అనిపించేది ఒక్కటే: నేను ఆ దారి వద్దనుకోలేదు. అది ఉందనే తెలియదు.

అందుకే ఆ కాంపోజిషన్ తర్వాత క్లాసులో ఒక పీరియడ్ యూనివర్సిటీల గురించే మాట్లాడాను. ఇక్కడే ఒక తప్పు చేశాను. ముందు మీకు చెప్పాల్సింది, పిల్లలకు చెప్పాను. తర్వాతి వారమే ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు స్కూలుకు వచ్చారు. ఉప్పల్ వైపు హార్డ్‌వేర్ షాపు నడుపుతారాయన.

“మేడం, మా బిడ్డకు ఏం చెప్పిండ్రు మీరు? హిస్టరీ చదువుతా అంటుంది. ఇంత ఫీజు కట్టి చదివిపిస్తున్నం. హిస్టరీ చదివి ఏం జేస్తది?”

నా దగ్గర ఉన్నది సగం జవాబే. ఎన్ని కోర్సులు ఉన్నాయో చెప్పగలను. ఉద్యోగం వస్తుందని మాట ఇవ్వలేను. అదే ఆయనతో చెప్పాను. “సార్, అమ్మాయిని హిస్టరీలో చేర్చమని నేను అనడం లేదు. చేర్చే ముందైనా, వద్దనే ముందైనా ఆ చోటు ఒకసారి చూసి రండి” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “మాకేం తెలుస్తది మేడం? మీరు కూడా రండి” అన్నారు.

స్కూలుకు హాఫ్ డే ఉన్న ఒక రోజు నలుగురం వెళ్లాం. ఆయన, వాళ్ల ఇంటామె, అమ్మాయి, నేను. దగ్గర కదా అని ఉస్మానియాకే వెళ్లాం. 1918లో మొదలైన యూనివర్సిటీ అది. మొదట్లో అక్కడ చదువంతా ఉర్దూ మీడియంలోనే సాగేది. మనం టీవీలో ఎప్పుడూ చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఆ రాతి కమాను కింద నిలబడి అమ్మాయి పైకి చూస్తూ ఉండిపోయింది. వాళ్ల నాన్న మాత్రం భవనాన్ని చూడలేదు. గోడకున్న నోటీసు బోర్డు ముందు నిలబడి ఒక్కో కాగితం చదవడం మొదలుపెట్టారు. ఒక సెమినార్, ఒక గెస్ట్ లెక్చర్, ఒక పీహెచ్‌డీ వైవా, ఫీజు గడువు, హాస్టల్ నోటీసు.

“ఈ వైవా అంటే ఏంది మేడం?”

“నాలుగైదేళ్లు ఒకే విషయం మీద పని చేసినవాళ్లు దాన్ని అందరి ముందూ వివరించి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి సార్. మామూలుగా ఎవరైనా వెళ్లి కూర్చుని వినొచ్చు.”

అమ్మాయికి సందేహం వచ్చింది. “మేడం, గెస్ట్ లెక్చర్‌కు వెళ్తే దాని మీద ఎగ్జామ్ పెడతారా?” పెట్టరు అన్నాను. “మరి ఎందుకు వెళ్తారు?” అంది.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష లేకుండా ఒక గదిలో పెద్దవాళ్లు కూర్చుని ఒక విషయం వింటారని, ఇష్టముంటే ప్రశ్నలు అడుగుతారని మన పిల్లలు ఎక్కడా చూడలేదు. తప్పు వాళ్లది కాదు. మనం వాళ్లకు చూపించిన చదువుకు ఎప్పుడూ చివర్లో ఒక ర్యాంకు ఉంటుంది. క్యాంపస్‌లో ర్యాంకులు లేవని కాదు. వాటితో పాటు ఇంకొకటి కూడా ఉంటుంది. అది చెబితే అర్థం కాదు, చూడాలి.

చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని చదువుకునే విద్యార్థుల్ని ఉస్మానియాలో ఎప్పుడు వెళ్లినా చూడొచ్చు. ఆయన ఒక కుర్రాడి దగ్గరకు వెళ్లి కూర్చున్నారు. ఎంఏ హిస్టరీ అట, గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాడు. “జాబ్ వస్తదా తమ్ముడు?” అని సూటిగా అడిగారు. “గ్యారంటీ లేదన్నా. నోటిఫికేషన్ కోసం చూస్తూ రెండేళ్లు పోయినయి. సబ్జెక్టు మాత్రం ఇష్టం. ముందే తెలిసుంటే డిగ్రీలోనే ఇంకో భాష, కంప్యూటర్ కూడా నేర్చుకునేటోణ్ణి” అన్నాడు ఆ కుర్రాడు. నేను చెప్పలేకపోయిన మిగతా సగం జవాబు అతను చెప్పాడు. అందులో తీపి కబురేం లేదు. కానీ నిజం ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఫోన్‌లో రెండు మూడు ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజులు వెతికారు. “ఏడాదికి ఇంతేనా?” అని నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వాక్యాన్ని మన ఎడిటర్ గారు ఉంచుతారో తీసేస్తారో చూడాలి.

ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్నలే చాలామంది తల్లిదండ్రులు పీటీఎంలో నన్ను అడుగుతున్నారు. అందుకని నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, ఇంటర్ తర్వాతి దారులు. 1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదట అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు ‘గోల్డెన్ త్రెషోల్డ్’లో నడిచింది. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉంది. అక్కడ ఇంటర్ అయినవాళ్లకు సైన్స్‌లోనూ, ఎకనామిక్స్, హిస్టరీ, తెలుగు లాంటి సబ్జెక్టుల్లోనూ అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయి. వాటికి సీయూఈటీ అనే జాతీయ పరీక్ష రాయాలి. 2022లో మొదలైన ఈ పరీక్షతోనే ఢిల్లీ, బనారస్ లాంటి యూనివర్సిటీల డిగ్రీ సీట్లు కూడా వస్తాయి. దీన్ని తెలుగులో కూడా రాయొచ్చు. చిక్కు ఎక్కడంటే, దరఖాస్తులు సాధారణంగా ఇంటర్ రెండో ఏడాది చివరి నెలల్లో పడతాయి. అప్పుడు పిల్లలు జేఈఈ, ఈఏపీసెట్ హడావిడిలో ఉంటారు. తేదీ దాటిపోయాక తెలుస్తుంది.

సైన్స్ మీద నిజంగా ఇష్టమున్న పిల్లలకు తిరుపతి ఐసర్ ఉంది. 2015లో మొదలైంది. అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు, దానికి ఐఏటీ అనే వేరే పరీక్ష. భాషలంటే ఇష్టపడేవాళ్లకు ఉస్మానియా పక్కనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీష్ టీచర్ల శిక్షణ కోసం పుట్టిన సంస్థ అది. ఇప్పుడు ఇంగ్లీష్‌తో పాటు ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ లాంటి విదేశీ భాషల్లో డిగ్రీలు ఇస్తుంది. ఇక తెలంగాణలో మామూలు డిగ్రీ కాలేజీలకు ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయాలి.

రెండోది, స్కూల్లో ఉండగానే చూడగలిగేవి. సెప్టెంబర్ 26 సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ రోజుల్లో హబ్సిగూడలోని సీసీఎంబీ లాంటి ల్యాబులు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో తమ పరిశోధనలు చూపించే షోకేస్ జరుగుతుంది. బెంగళూరు ఐఐఎస్‌సీ ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో ఓపెన్ డే పెడుతుంది. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలు కూడా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను నిలబెట్టి ప్రశ్నలు అడగొచ్చు. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఆయా సంస్థల వెబ్‌సైట్ చూసుకుని వెళ్లండి. ఇతర జిల్లాల బ్రాంచీల వారికి కూడా దగ్గర్లో ఏదో ఒకటి ఉంటుంది. విశాఖలో 1926 నాటి ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, వరంగల్‌లో 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ ఉన్నాయి. ముందుగా ఆఫీసులో అడిగి, ఒక డిపార్ట్‌మెంట్ చూస్తామంటే చాలామంది ప్రొఫెసర్లు సంతోషంగానే మాట్లాడతారు.

మూడోది మీ కోసం. పీటీఎం అయ్యాక ఒక అమ్మ ఆగి, మెల్లగా, “ఇంటర్‌తో ఆపేసిన నాలాంటోళ్లకు కూడా ఏమైనా ఉంటదా మేడం?” అని అడిగారు. ఉంది. 1982లో మొదలైన మన దేశపు మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంట్లో ఉండి, ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తి చేయొచ్చు. డిగ్రీ ఎప్పుడో అయిపోయినవాళ్లకు స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఉన్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు వాటిలో ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. నేనూ గత ఏడాది ఒకటి పూర్తి చేశాను. అమ్మ చదువుకుంటుంటే చూసిన పిల్లలకు వేరే మోటివేషన్ క్లాసు అవసరం ఉండదని నా నమ్మకం.

మీలో యూనివర్సిటీల్లో చదివినవారు కూడా చాలామంది ఉన్నారు. మీ పాత క్యాంపస్‌కు పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వెళ్లినప్పుడు పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. మీరు కూర్చున్న బెంచీ, తిన్న క్యాంటీన్, ఫెయిలైన పేపర్ కథ అన్నీ చెప్పండి. ఫెయిలైన పేపర్ కథ తప్పకుండా చెప్పండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఇప్పుడు పదో తరగతి. హిస్టరీ మీద ఇష్టం తగ్గలేదు, లెక్కల్లో మార్కులూ తగ్గలేదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాలా, వేరే గ్రూపా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. వాళ్ల నాన్నగారు ఎంపీసీ అనే అంటున్నారు. అమ్మాయి ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. ఏది సరైనదో చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. కానీ మొన్న షాపుకు వెళ్తే, కౌంటర్ వెనక గోడ మీద ఆయన చేత్తో రాసి అంటించిన చీటీ కనిపించింది. ‘సీయూఈటీ – ఇంటర్ సెకండియర్ – తేదీ చూడాలె’ అని ఉంది. అదెప్పుడో రెండేళ్ల తర్వాతి మాట. అయినా రాసి పెట్టుకున్నారు.

ఆ రోజు పక్కన పెట్టిన పేపర్‌ను అమ్మాయికి తిరిగిచ్చి, మళ్లీ రాయమన్నాను. ఈసారి పేజీన్నర రాసింది. నోటీసు బోర్డు గురించి, చెట్టు కింద అన్న గురించి, మెట్ల మీద పడుకున్న కుక్క గురించి కూడా రాసింది. స్పెల్లింగ్ తప్పులు ఆరు ఉన్నాయి. చివరి వాక్యం ఇది: ‘ఆ చోటు నేనూ మా నాన్నా కలిసి చూశాం.’

వచ్చే సెలవుల్లో మాల్‌కు వెళ్లే రోజుల్లో ఒక పూట ఇటు కేటాయించండి. వెళ్లి వచ్చాక పిల్లలు ఏమన్నారో డైరీలో ఒక లైను రాసి పంపండి. నేను ఎదురుచూస్తుంటాను.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్