నల్లరాళ్ల యెడారి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు మగవారిని గల్ఫుదేశములకు పంపి యిల్లు నడపుకొను స్త్రీలు వేలకొలది కలరు. అరబ్బుల యెడారి యనగానే వారి మనస్సునకు దోచునది యిసుక. మేము నిరుడు ఫాల్గుణమాసమున జూచివచ్చిన యెడారిలో నిసుక మిక్కిలి తక్కువ.

మావారు సౌదీ అరేబియాలో నొక పాఠశాలయం దుపాధ్యాయులు. సెలవులలో ననుమతి పొంది, ఆ దేశపు టుత్తరదిశను జోర్డాను సరిహద్దు చేరువనున్న హర్రతుల్ హర్ర యను మృగరక్షితసీమకు బోయితిమి. ‘హర్ర’ యనగా నగ్నిపర్వతశిలల బీడు. పూర్వము భూమిలోనుండి వెడలి పాఱిన ద్రవశిల చల్లారి, పగిలి, సిరియా మొద లిచటివఱకు బఱచుకొన్నది. మన యాదిలాబాదు వైపు నల్లరాతి పుట్టుకయు నిట్టిదే. కాని యచట వానలు రాతిని రేగడిగా మార్చి ప్రత్తి పండించినవి. ఇచట వాన లేమిచే రాయి రాయిగనే మిగిలినది. గుమ్మడికాయలంత, కడవలంత రాళ్లు చూపుమేర నెవరో పేర్చినట్లుండును. మోటారు నడకవేగముననే సాగెను. మధ్యాహ్నము రాతిపై జేయి యుంచితిమి. కాలిన పెనమును ముట్టినట్లయ్యెను.

ఈ రాళ్లే మృగములను గాచినవి. తుపాకులును మోటారులును వచ్చిన పిదప వేటగాండ్రు జింకలను వెంటాడి యరేబియాలో దాదాపు రూపుమాపిరి. బండి పరుగెత్తలేని యీ నేలలో గొన్ని మిగిలినవి. 1986లో నేర్పడిన వన్యప్రాణిసంరక్షణసంస్థ మఱుసటి యేటనే సుమారు 13,775 చదరపు కిలోమీటర్ల యీ ప్రదేశమును రక్షితముగా బ్రకటించెను. ఇపుడిది రాజు సల్మాను పేరిటి మహారక్షితసీమలో భాగము. కణ్వాశ్రమమృగమును జంపరాదని దుష్యంతుని వారించిన తాపసులు మాకు స్ఫురించిరి. ఇచట తాపసులు లేరు, రాళ్లే యడ్డుపడినవి.

ఇచటి జింక పేరు రీమ్. మనము హరిణి యని పిలుచుకొనునట్లు అరబ్బులు నాడుబిడ్డలకీ పేరు పెట్టుకొందురు. తెల్లవాఱుజామున నొక యెండిన వాగులో మూడింటిని జూచితిమి. లేతయిసుక వన్నె యొడలు, తెల్లని పొట్ట. తల్లి తన కూనను నేలకు గఱచుకొని పరుండజేసి దూరముగా మేయును; పాలిచ్చుటకు మాత్రమే వచ్చును. నీరు దొరకనపు డాకుల తేమతోనే బ్రదుకును. కఱవుకాలమున దాని గుండెయు, కాలేయమును జిన్నవగునని శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించిరి. అవి చిన్నవైన కొలది శ్వాస తగ్గును. శ్వాసతో బోవు తడియు దగ్గును. కఱవున వ్యయము తగ్గించుట గృహిణులకు గ్రొత్తగాదు గాని, గుండెనే తగ్గించుకొనుట మేమింతకుమున్ను వినలేదు!

మన బట్టమేకపిట్టకు జుట్టమైన హుబారా యను పక్షిని డేగలతో వేటాడుట యచటి ప్రభువుల వేడుక. దాని మూడువ్రేళ్ల యడుగుజాడలు మాత్రమే మాకు గనబడినవి. తోడేళ్లును గలవట.

తిరిగివచ్చునపుడు, రక్షితసీమకు వెలుపల, గొఱ్ఱెలమంద చెంత నొక గుడారముండెను. మా తెలుగుమాట విని కాపరి పరుగున వచ్చి, “అక్కా, మీదే ఊరు?” అని యడిగెను. అతనిది కోరుట్ల చేరువ పల్లె. ఇల్లు చూచి నాలుగేండ్లయినది. భార్య బీడీలు చుట్టుచు నిద్దఱు పిల్లలను జదివించుచున్నది. అతడు టీ కాచి యిచ్చి, వాన పడిన పిదప నేలలో నూరు ఫగ్గ యను దుంపవంటి పుట్టగొడుగును ఉల్లిగడ్డకారముతో వండిపెట్టెను. రుచి మాంసమునకును బుట్టగొడుగునకును నడుమ నున్నది.

రాత్రులం దొక గుంటనక్క గుడారము కడకు వచ్చి రొట్టెముక్కలు తినిపోవునని యతడు మురియుచు జెప్పెను. “మా ఇంటామె ఫోన్ల అడుగుతది, ఆడ ఏముంటదని. రాళ్లే అంట.”

“నక్క సంగతి చెప్పలేదా?” అంటిమి.

“గది చెప్తే, ఒక్కనివే ఉన్నవా అని ఏడుస్తది అక్కా.”

మేము బయలుదేఱునపుడు కొన్ని ఫగ్గలను మూటగట్టి చేతికిచ్చి, గొఱ్ఱెలు వాగువైపు మళ్లినవని రాళ్లమీదుగా బరుగెత్తెను.