కేంద్రం కథ

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో బాబాయి ఓ మెసేజ్ పెట్టాడు. "అహోరాత్ర" అన్న మాటలో ముందు "అ", చివర "త్ర" తీసేస్తే "హోరా" మిగుల్తుందట. ఇంగ్లీషు వాళ్ళు దాన్నే కాజేసి "అవర్" అన్నారట. కాబట్టి ప్రపంచానికి కాలం కొలవడం నేర్పింది మనమేనట! కింద అందరూ దండాలు పెట్టేశారు. ఒకప్పుడు ఈమెయిల్ ఫార్వర్డుగా ఇది మీకూ వచ్చే ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే హోర గ్రీకు మాట. ఋతువు, పొద్దు, ఘడియ అన్నింటికీ వాళ్ళు ఆ మాటే వాడేవాళ్ళు. అది లాటిన్ మీదుగా ఇంగ్లీషుకి పోయింది, ఇంకో దారిలో సంస్కృతానికి వచ్చింది. పైగా నా దగ్గర అంతకంటే పెద్ద బాంబే ఉంది: "కేంద్రం".

పొద్దున లేస్తే కేంద్ర ప్రభుత్వం, కేంద్ర మంత్రి, విద్యుత్ కేంద్రం అంటూ ఉంటామా, ఆ మాట కూడా గ్రీకుదే. వాళ్ళ "కెంట్రాన్" అంటే ఎద్దుల్ని అదిలించే ముల్లుగర్ర. తర్వాత వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే మొనకి ఆ పేరు వచ్చింది, అక్కణ్ణించి వృత్తం మధ్య బిందువుకి వచ్చింది. ఇంగ్లీషు సెంటర్ కూడా దాని సంతానమే. గ్రీకు జ్యోతిష్కులు జాతకంలో నాలుగు ముఖ్యమైన స్థానాల్ని ఆ మాటతోనే పిలిచారు. మన జ్యోతిషంలో 1, 4, 7, 10 స్థానాల్ని కేంద్రాలు అంటారు చూడండి, అవే. పెళ్ళి సంబంధాలప్పుడు చూసే ఏడో ఇంటికి "జామిత్రం" అని ఇంకో పేరుంది. అది "డయామెట్రోస్", అంటే వ్యాసం. లగ్నానికి సరిగ్గా ఎదురుగా ఉండేది కాబట్టి.

ఇదంతా గ్రూపులో పెడదామనుకున్నా. కానీ మా నాన్నగారు గుర్తొచ్చి ఆగాను. ఆయన రిటైరైన తెలుగు పండితులు, సరదాకి జాతకాలు చూస్తారు. ఆయనకి కోపం వస్తుందేమోనని సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మెల్లగా చెప్దామనుకున్నా. నిజం చెప్పాలంటే, మెల్లగా కాదు, గెలుద్దామనే వెళ్ళాను.

భోజనాలయ్యాక మొదలెట్టాను. అంతా విని, "అయిందా?" అన్నారు. లేచెళ్ళి బీరువాలోంచి అట్ట ఊడిపోయిన బృహజ్జాతకం తెచ్చారు. వరాహమిహిరుడిది, 6వ శతాబ్దం.

"మీ బాబాయి పెట్టిన ముక్క ఇందులో మొదటి అధ్యాయంలోనే ఉందిరా. కానీ ఆయన అలా అని ఊరుకోలేదు. 'కొందరు' అలా అంటారు అన్నాడు. ఆ కొందరు మీ బాబాయిలాంటి వాళ్ళే."

అదే అధ్యాయంలో రాశుల పేర్లు చూపించారు. మేషానికి క్రియ, వృషభానికి తావురి, సింహానికి లేయ, కన్యకి పాథోన. గ్రీకులో క్రియోస్, టారోస్, లియోన్, పార్థెనోస్. దాచిపెట్టడం అనేదే లేదు! "బృహత్సంహితలో ఇంకా స్పష్టంగా చెప్పాడు. యవనులు మ్లేచ్ఛులే, అయినా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర చక్కగా ఉంది కాబట్టి వాళ్ళనీ ఋషుల్లా గౌరవిస్తారు అని. నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్తావేంటి?"

నా బాంబు తుస్సుమంది.

ఆ తర్వాత ఆలోచిస్తే నా వాదనలోనూ బాబాయి వాదనలో ఉన్న తప్పే ఉందనిపించింది. ఆయన "అంతా మన దగ్గర్నుంచే" అంటే నేను "అంతా వాళ్ళ దగ్గర్నుంచే" అంటున్నా. గ్రీకులు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారా? వాళ్ళ అక్షరాలు ఫినీషియన్ల దగ్గర తీసుకున్నవి, ఆ మాట వాళ్ళ చరిత్రకారుడు హెరొడోటసే రాశాడు. పన్నెండు రాశులు, 360 భాగాల వృత్తం బాబిలోనియా వాళ్ళవి. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ పునాది వేసిన అలెగ్జాండ్రియాలోనే కదా, క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ కూర్చుని వీటన్నిటినీ కలిపి పెద్ద గణిత శాస్త్రంగా రాసింది.

మనం తీసుకుని ఊరుకోలేదు కూడా. గ్రీకులు లెక్కలకి వృత్తంలోని పూర్తి జ్యాని వాడేవాళ్ళు. దానికి వాళ్ళ మాటకి అర్థం పేగు, తీగ. మనవాళ్ళు దాన్ని సగానికి కోసి అర్ధజ్య అన్నారు. జ్య అంటే వింటినారి. 499 నాటి ఆర్యభట్టు పట్టికలో ఉన్నది ఈ సగం జ్యాలే. అది అరబ్బులకి "జీబ"గా చేరింది. అచ్చులు రాయని లిపి కాబట్టి తర్వాతి వాళ్ళు "జైబ్" అని చదివారు, అంటే జేబు, మడత. లాటిన్ వాళ్ళు దాన్నే అనువదించి "సైనస్" అన్నారు. చివరికి మన ఇంటర్ పుస్తకంలోకి "సైన్"గా తిరిగొచ్చింది. ఒక్క ఫంక్షన్ కోసం ఎన్ని చేతులు మారిందో చూడండి. ఇందులో ఏ ఒక్కరి పేరు తీసేసినా మిగతా కథ అర్థం కాదు.

ఎదురు దారిలో వెళ్ళినవీ ఉన్నాయి. కాందహార్‌లో 1958లో దొరికిన అశోకుడి శాసనం గ్రీకు, అరామిక్ భాషల్లో ఉంది. అందులో ధర్మానికి గ్రీకు మాట "యూసెబియా", అంటే భక్తి. విదిశ దగ్గర ఓ గరుడ స్తంభం ఉంది. తక్షశిల నుంచి వచ్చిన హీలియోడోరస్ అనే గ్రీకు రాయబారి వాసుదేవుడికి నిలబెట్టింది అది. తను భాగవతుణ్ణని దాని మీద చెక్కించుకున్నాడు.

సరే, ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వరాహమిహిరుడి వల్ల కాదు, నా వల్ల.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, తేదీల్ని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కి మార్చే మాడ్యూల్ ఒకటి కావాల్సొచ్చింది. పక్క టీములో ఒకాయన ఎప్పుడో రాసి పెట్టాడు. తెచ్చుకున్నా, రెండు ఫంక్షన్లు కలిపా. ఫైలు మొదట్లో ఆరు లైన్ల కామెంటులో ఆయన పేరుండేది. దాన్ని తీసేసి నా పేరు పెట్టా. రివ్యూలో మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆయన కూడా ఆ గదిలోనే ఉన్నాడు. ఏమీ అనలేదు. తర్వాత కాఫీ మెషిన్ దగ్గర కలిసినప్పుడు, "లీప్ ఇయర్ సరిగ్గా వస్తోందా?" అని మాత్రం అడిగాడు.

మ్లేచ్ఛులు అంటూనే వాళ్ళ పేరు చెప్పగలిగాడు పదిహేను వందల ఏళ్ళ నాటి పండితుడు. పక్క క్యూబికల్ వాడి పేరు ఉంచలేకపోయాను నేను. అలాంటి నేను గ్రీకుల తరఫున బాబాయి మీద యుద్ధానికి బయల్దేరాను!

పండగ నుంచి వచ్చాక ఆయన్ని వెతికి పట్టుకుని మెసేజ్ పెట్టా, జరిగింది చెప్పి సారీ అన్నా. రెండు రోజులకి జవాబొచ్చింది: "ఏ మాడ్యూల్? నాకు గుర్తు లేదండీ."

గుర్తు లేదో, లేదన్నాడో తెలీదు. నాకు మాత్రం ఆ ఆరు లైన్లూ గుర్తున్నాయి.

గ్రూపులో కూడా రాశాను లెండి. హోర గ్రీకు మాట అని, ఆ సంగతి మనవాళ్ళు ఎప్పుడూ దాచలేదని, గర్వపడాలంటే దానికి పడదామని. బాబాయి ఇంకా మాట్లాడట్లేదు. నాన్నగారు మాత్రం ఓ బొటనవేలు పెట్టారు.