కొండగట్టు దారి

బొగ్గుగనుల ప్రాంతానికి వసంతం కాస్త మాసిన బట్టలతో వస్తుంది. గోదావరిఖనిలో మామిడిపూత మీద సైతం సన్నని నల్లని పొర కనిపిస్తుంది. ఓపెన్‌కాస్టుల పక్కన పోసిన మట్టిగుట్టలకు అవతల, మిగిలిన అడవి అంచుల్లో మోదుగులు ఎర్రగా పూచినప్పుడు మాత్రం ఫాల్గుణం వచ్చిందని అందరికీ తెలుస్తుంది. ఆ రోజుల్లోనే మా వీధిలో కాషాయ వస్త్రాలు కనిపించడం మొదలవుతుంది. 41 రోజులో, 21 రోజులో, 11 రోజులో ఆంజనేయ దీక్ష వహించి, చైత్ర పౌర్ణమి నాటికి కొండగట్టు చేరి మాల విరమించాలనుకున్నవారు వీరు. మాల వేసుకున్ననాటి నుండి ఇంట్లో పసివాడు కూడా తండ్రిని ‘స్వామీ’ అనే పిలుస్తాడు.

కొండగట్టు జగిత్యాల జిల్లాలోని ఆంజనేయ క్షేత్రం. కరీంనగర్ నుండి జగిత్యాల పోయే దారిలో, కరీంనగర్‌కు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకొనిపోతుండగా అందులోని ఒక ముక్క ఇక్కడ రాలిపడిందని స్థలపురాణం. ఇక్కడ జయంతి ఏడాదికి రెండుమార్లు జరుగుతుంది. చైత్ర పౌర్ణమి నాటిది చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమి నాటిది పెద్ద జయంతి. గోదావరిఖని నుండి పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్‌ల మీదుగా రాజీవ్ రహదారి పట్టుకొని పోతే మొత్తం దాదాపు 100 కిలోమీటర్లు.

మా నాన్న ఈ నడక మొక్కుకొని పదిహేనేళ్లు దాటింది. ఒక రాత్రి షిఫ్టులో గనిలో పైకప్పు కూలి, ఆయనా మరి ఇద్దరూ బండల అవతల కొన్ని గంటలు చిక్కుబడిపోయారు. ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. అయితే నేను మామా అని పిలిచే ఒకాయనకు ఎడమ మోకాలు మళ్లీ మునుపటిలా వంగలేదు. తరువాత ఆయనకు ఉపరితలంలో పని ఇచ్చారు. ఆ చీకటిలో ముగ్గురూ కలిసి మొక్కుకున్నారట. ఒక ఏడు పెండ్లి, ఒక ఏడు చావు, ఒక ఏడు ఇల్లు కట్టడం అడ్డువచ్చాయి. ఈసారి నాన్న పదవీ విరమణకు ఆరు నెలలే మిగిలింది.

మాఘమాసం చివర మా ఇంటి వాకిట్లో పన్నెండుగురు కూర్చున్నారు. లెక్కలు వ్రాసే పని నాకు అప్పగించారు. యువకులు ముందే ఆలోచించి వచ్చారు. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నడిస్తే రెండున్నర రోజుల్లో చేరవచ్చునని వారి లెక్క. మామ సంగతి వచ్చేసరికి ఒకడు మెల్లగా అన్నాడు: “మామ బస్సుల రావచ్చు గద. గుట్ట కింద కలుస్తడు.” మామ తల వంచుకొని ఊరుకున్నాడు. నాన్న మాత్రం ఊరుకోలేదు. “ముగ్గురం మొక్కినం, ముగ్గురం నడుస్తం. ఆయన ఎన్ని రోజులల్ల పోతడో గన్ని రోజులల్లనే పోదాం” అన్నాడు. నేను వ్రాసిన కాగితం చించి కొత్త కాగితం తీశాను.

రోజుకు 25 కిలోమీటర్లు అనుకుంటే నాలుగు రోజులు కావాలి. ఇక్కడ సెలవుల చిక్కు వచ్చింది. భూగర్భంలో పనిచేసేవారికి 15 హాజరులకు ఒక రోజు, ఉపరితలంలో పనిచేసేవారికి 20 హాజరులకు ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన సెలవు లభిస్తుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచే మామకే అందరికన్నా తక్కువ సెలవు! పైగా ఒకే చోట పనిచేసే నలుగురు ఒకేసారి సెలవడిగితే పని సాగదు. ఇద్దరు తమ వంతును ఇతరులతో మార్చుకున్నారు. ఒకడు రెండో షిఫ్టు దిగి రాత్రి 11 గంటలకు ఇల్లు చేరి, తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరడానికి ఒప్పుకున్నాడు.

తిథి విషయంలో మాత్రం ఈ ఏడు అదృష్టం కలిసివచ్చింది. చైత్ర పౌర్ణమి 2024లో ఏప్రిల్ 23న, 2025లో ఏప్రిల్ 12న వచ్చింది. 2026లో ఏప్రిల్ 2నే వస్తుంది. రామగుండం ఎండ ఎరిగినవారికి ఆ మూడు వారాల తేడా ఏమిటో చెప్పనక్కరలేదు.

ఆ ఎండకు భయపడవలసింది తల కాదు, అరికాలు. దీక్షలో ఉన్నవారు చెప్పులు లేకుండా నడుస్తారు. బొగ్గుబాయి కార్మికుని దేహంలో అన్నిటికన్నా సుకుమారమైనది అరికాలే! చేతులు బండబారతాయి, భుజాలు కాయలు కాస్తాయి. పాదం మాత్రం ముప్పై ఏళ్లు బూటులో దాగి పసిబిడ్డ పాదంలా మెత్తగా ఉండిపోతుంది. అందుకని నాన్న నెలన్నర ముందు నుండే గోదావరి ఒడ్డున వట్టికాళ్లతో నడవడం మొదలుపెట్టాడు. మొదట ఇసుక మీద, తరువాత మట్టిబాట మీద, చివర కంకర మీద. రాత్రి అమ్మ కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ, “మొక్కు ఆయనది, బొబ్బలు నావి” అనేది. తారురోడ్డు కాలే వేళ నడవకూడదని నిర్ణయించాము. ఉదయం 4 నుండి 9 వరకు, సాయంత్రం 5 నుండి 8 వరకు నడక. నడుమ ఏ మామిడితోటలోనో, బడి వరండాలోనో విశ్రాంతి.

ద్వాదశి నాడు బయలుదేరితే, తెల్లవారకముందే చంద్రుడు కుంకుతాడు. కాబట్టి మొదటిరోజు టార్చిలైట్లు తప్పవు. చతుర్దశి నాడు తెల్లవారేదాకా వెన్నెల తోడుంటుంది. ఇది చెప్పినప్పుడు మామ మొదటిసారి నవ్వాడు: “చీకట్ల నడుచుడు మాకు నేర్పుతవా బిడ్డా?”

దారి గురించి వాదం చాలాసేపు నడిచింది. రాజీవ్ రహదారి మీద ఆస్పత్రులు, హోటళ్లు దగ్గరగా ఉంటాయన్న మాట నిజమే. కాని రాత్రింబవళ్లు లారీలు తిరిగే ఆ రోడ్డు అంచున కుంటుకుంటూ నడిచే మనిషిని ఊహించుకుంటేనే నాకు గుండె జారేది. చివరకు పెద్దపల్లి దాకా రహదారిపై నడిచి, అక్కడినుండి ధర్మారం వైపు మళ్లి, చొప్పదండి, గంగాధరల మీదుగా పోవాలని తేలింది. దారి పొడుగునా పల్లెలు, పొలాలు, నీటికి కరువుండదు.

ఆ దారి నాకు నచ్చడానికి వేరే కారణమూ ఉంది. గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో ఆ గుట్ట రాతి మీద జైన ప్రతిమలు చెక్కించి, కన్నడ, సంస్కృత, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ భారతం కన్నా అవి దాదాపు నూరేళ్లు పాతవి. రాతిని తొలిచి బ్రతికే మా వారు, రాతిలో పద్యం నిలిపిన చోటు చూడకుండా పోవడమేమిటని నేను పట్టుబట్టాను. మూడోనాటి విశ్రాంతి కురిక్యాలలో అని వ్రాసుకున్నాను. యువకులు గొణిగారు. నాన్న మాత్రం, “రాయి మీద రాసిండంటే గట్టి మనిషే” అన్నాడు.

కొండ ఎక్కడం గురించి ఎక్కువ చర్చ జరగలేదు. 2018 సెప్టెంబర్ 11న ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించిన ఘోరం ఇక్కడ ఎవరూ మరువలేదు. మెట్లదారే మేలన్నారు. మెట్టు మెట్టుకూ మామ ఆగవలసి వచ్చినా సరే.

చివరగా మిగిలింది మనుషుల లెక్క. గనిలోకి దిగే కార్మికుడు తన అంకె చెక్కిన బిళ్లను ఇచ్చి దీపం తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక ఏ దీపమైనా తిరిగి రాకపోతే, ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. నాన్న ఆ పద్ధతినే తీసుకున్నాడు. అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి 1 నుండి 12 దాకా అంకెలు వేయించాడు. ప్రతి మజిలీలోనూ పన్నెండు బిళ్లలు చేతికి వచ్చేదాకా ఎవరూ కూర్చోరాదు, అన్నం మూట విప్పరాదు.

బిళ్లలు పంచేనాడు యువకులు ఒకటో అంకె కోసం పోటీపడ్డారు, ఒకటో అంకెవాడే ముందు నడవాలి కనుక. నాన్న ఆ బిళ్లను మామ మెడలో వేశాడు.

“నువ్వు ముందు నడువు స్వామీ. నిన్ను దాటి ఎవ్వడూ పోడు.”

మామ బిళ్లను తిప్పి చూసుకొని, దానికి కట్టిన దారం కాస్త పొడుగైందని నన్ను కత్తెర తెమ్మన్నాడు.