పడవ మర్యాద

ఇల్లు ఎంత చిన్నదైతే మర్యాద అంత ఎక్కువ కావాలి. మండువా ఇంట్లో కోపమొస్తే పెరటి వసారాలోకి పోయి కూర్చోవచ్చు. రెండు గదుల వాటాలో అయితే వంటింట్లోకి పోయి గిన్నెల మీద చూపించుకోవచ్చు. మరి నిండా పదకొండు అడుగులైనా లేని పడవలో, చుట్టూ నీళ్ళు పెట్టుకుని, ఇద్దరు మనుషులు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటే? అక్కడ కోపం పోయి కూర్చోవడానికి వసారా లేదు. అంచేత ఆ పడవలు నడిపేవాళ్ళు మర్యాదలు నేర్చుకోక తప్పలేదు.

నేను చెప్పేది మన గోదావరి లాంచీల గురించి కాదు. కారు వెనక ట్రైలర్ మీద వేసుకుని తీసుకుపోయే చిన్న తెరచాప పడవల గురించి. వాటికి ఇంజను అక్కర్లేదు. తెరచాప, చుక్కాని, తెడ్లు, ఇద్దరు మనుషులు, అంతే. ఇంగ్లండులో ఉంటున్న మా చెల్లెలూ మరిదీ అలాంటి పాత పడవ ఒకటి కొనుక్కున్నారు. సెలవు రోజున మనం పిల్లల్ని స్కూటరెక్కించుకుని పార్కుకి పోయినట్టు, వాళ్ళు పడవని ట్రైలరెక్కించుకుని దగ్గర్లో ఉన్న రిజర్వాయరుకి పోతారు. కిందటేడు వాళ్ళింట్లో నెల్లాళ్ళున్నాను కనక ఈ పడవ సంగతులు నాకూ కొన్ని ఒంటబట్టాయి.

ఆ రకం పడవ పేరు మిర్రర్. పడవల రూపకల్పనలో ఆరితేరిన జాక్ హోల్ట్, ఇంటి మరమ్మతులు ఎవరికి వారే చేసుకోవడం ఎలాగో టీవీలో చూపించే బారీ బక్‌నెల్, ఇద్దరూ కలిసి 1962లో దీన్ని తయారుచేశారు. డైలీ మిర్రర్ పత్రిక దానికి ప్రచారం చేసింది. ఆ పేరూ, ఎర్ర తెరచాపలూ అలా వచ్చినవే. పొడవు 10 అడుగుల 10 అంగుళాలు. ఖాళీ పడవ బరువు 45 కిలోల చిల్లర.

నాకు ముచ్చటేసిన సంగతేమిటంటే, ఆ పడవని కుట్టుకుంటారు! ప్లైవుడ్ ముక్కల అంచుల్లో బెజ్జాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీలు అతికిస్తారు. ముందు వెనకల ముక్కలు కత్తిరించుకుని జాకెట్టు కుట్టుకున్నట్టే. వడ్రంగం రాని సంసారులు ఇళ్ళల్లో కూర్చుని వీటిని కుట్టేసుకున్నారు. ఇలాంటి పడవలు 70,000కు పైగా తయారయ్యాయంటే చూడండి. కుట్టు పడవలు మనవాళ్ళకి కొత్త కాదు లెండి. మన కోరమాండల్ తీరాన మసూలా పడవల చెక్కల్ని కొబ్బరితాళ్ళతో కుట్టేవారు. ఎర్ర తెరచాప చూసి మా చెల్లెలు తన పడవకి ‘మిరపకాయ’ అని పేరు పెట్టింది. వెనకాల తెలుగులోనే రాయించింది కూడానూ.

ఇక మర్యాదల సంగతి. అవి నీళ్ళలో కాదు, ఒడ్డునే మొదలవుతాయి. పడవని నీళ్ళలోకి దింపడానికి సిమెంటు వాలు ఒకటి ఉంటుంది. మన రేవు లాంటిదన్నమాట. తెరచాప కొయ్య నిలబెట్టడం, తాళ్ళు కట్టడం, చుక్కాని తగిలించడం, అడుగున ఉన్న కన్నానికి బిరడా బిగించడం, ఇవన్నీ దూరంగా కార్లు ఆపేచోటే ముగించుకోవాలి. కొయ్య ఎత్తే ముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోవాలి. అన్నీ అయ్యాకనే రేవులోకి రావాలి. పడవ నీళ్ళలో పడగానే ట్రైలర్ తీసేసి, వెనకున్న వాళ్ళకి దారివ్వాలి. రేవులో పడవ పెట్టుకుని తీరిగ్గా తాళ్ళు విప్పుకునేవాళ్ళని చూస్తే నాకేం గుర్తొచ్చిందో తెలుసా? వీధి కుళాయి కింద బిందె పెట్టి, పక్కన కూర్చుని జడ అల్లుకునే మా పాత వాటా ఆవిడ.

నీళ్ళలోకి దిగాక ఇంకో రకం మర్యాద. ఈ పడవలకి బ్రేకు లేదు. అంచేత ఎవరు ఎవరికి దారివ్వాలో ముందే రాసి పెట్టుకున్నారు. రెండు తెరచాప పడవలు ఎదురుపడితే, గాలి ఎడం పక్క నుంచి తగులుతున్న పడవ తప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే పక్క నుంచి తగులుతుంటే, గాలి వచ్చే వైపున ఉన్నవాళ్ళు అవతలివాళ్ళకి దారివ్వాలి. దాటిపోయేవాళ్ళు ఎవరైనా సరే, ముందున్న వాళ్ళకి అడ్డం రాకూడదు. 1972లో దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న సముద్ర నియమాల్లో ఉన్నాయివి. నాకు నచ్చింది ఏమిటంటే, దారి హక్కు ఉన్నవాళ్ళకీ ఒక బాధ్యత పెట్టారు. దారి నాదే కదా అని వంకరటింకరగా పోకూడదు. ఎదుటివాళ్ళు తప్పుకోవడానికి వీలుగా, పోయేవాళ్ళు పోయినట్టే తిన్నగా పోవాలి.

ఇవన్నీ చూడ్డానికి ఇంగ్లండే పోనక్కర్లేదు. మన హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మీద కూడా తెరచాప పడవల పందేలు జరుగుతాయి. పిల్లలు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవల్లో, పడవకి ఒక్కరు చొప్పున, బాతుల్లా బారులు తీరుతారు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన పడవ అది. ఎనిమిది అడుగులు కూడా ఉండదు. పందెంలో ఇంకో పడవకి అడ్డంపడ్డామని తెలిస్తే, ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగకుండా, పక్కకి పోయి తమ పడవని తామే రెండుసార్లు గుండ్రంగా తిప్పుకుని మళ్ళీ బయల్దేరాలి. గుళ్ళో మనం చేసే ఆత్మప్రదక్షిణ లాంటిదే!

పందెం కన్నా పెద్ద మర్యాద ఇంకొకటుంది. ఆపదలో ఉన్నవాళ్ళకి సాయం చేసి తీరాలన్నది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పడవ పందేలు పూసన్ దగ్గర జరిగాయి. కెనడాకి చెందిన లారెన్స్ లెమ్యూ రెండో స్థానంలో పోతున్నాడు. పక్క పందెంలో సింగపూర్ వాళ్ళ పడవ తిరగబడి, ఇద్దరు నీళ్ళల్లో పడి ఉన్నారు. పతకం మాట వదిలేసి పడవ అటు తిప్పాడు. వాళ్ళని కాపాడి, అప్పగించి, అప్పుడు తన పందెం పూర్తిచేశాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండో స్థానమే ఇచ్చారు. తర్వాత కూబెర్తిన్ పతకం కూడా ఇచ్చారు.

ఇంత గొప్ప కథ కన్నా నన్ను ఎక్కువ కదిలించింది ఒక చిన్న మాట. తెరచాప పడవ గాలికి ఎదురుగా తిన్నగా పోలేదు. కొంచెం ఇటు, కొంచెం అటు, పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. తిరిగినప్పుడల్లా తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర ఈ పక్క నుంచి ఆ పక్కకి ఊడ్చుకుంటూ పోతుంది. తల వంచకపోతే బుర్ర రామకీర్తన పాడుతుంది. చుక్కాని పట్టుకున్నవాళ్ళకి ఎప్పుడు తిప్పుతారో తెలుసు. రెండోవాళ్ళకి తెలియదు. అందుకని తిప్పేముందు “సిద్ధమా?” అని అడిగి తీరాలి. అవతలి మనిషి “సిద్ధం” అనాలి. అప్పుడే తిప్పాలి. అడగడం ఎంత ముఖ్యమో, జవాబు కోసం ఆగడం అంత ముఖ్యం.

మా చెల్లెలు చుక్కాని దగ్గర కూర్చుని, “అక్కా, సిద్ధమా?” అని అడిగింది. నా తాడు ఎక్కడో చిక్కుకుంది. “ఉండవే” అన్నాను. ఉంది! విసుక్కోలేదు, వినిపించుకోనట్టు తిప్పెయ్యలేదు. నేను చిక్కు తీసుకుని, జరిగి కూర్చుని, “ఊఁ, సిద్ధం” అన్నాకే తిప్పింది. ఒడ్డు మీదికొచ్చేదాకా ఊరుకోకుండా ముందే అడగడం కూడా తిప్పేవాళ్ళ బాధ్యతేనట.

ఆ క్షణాన నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్నగారు మంచివారు, ఆ మాట ముందే చెబుతున్నాను. జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టేవారు. గొంతెత్తి ఒక మాట అనేవారు కాదు. చుక్కాని మాత్రం ఆయన చేతిలోనే ఉండేది. ప్రభుత్వోద్యోగం, మూడేళ్ళకో ఊరు. బదిలీ సంగతి ఆయన స్నేహితులకి తెలిసేది. కొత్త ఊళ్ళో ఇల్లు చూసిపెట్టేవాళ్ళకి తెలిసేది. లారీ వాడికి తెలిసేది. ఆఖర్న అమ్మకి తెలిసేది. “ముందే చెప్పి కంగారు పెట్టడం ఎందుకని” అనేవారు. నిజంగానే అలా అనుకునేవారు పాపం. ఒక ఏడు ఆవకాయ కలిపిన మర్నాడు లారీ వచ్చింది. మూడోనాడు తిరగకలపాల్సిన జాడీని అమ్మ ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. దారిపొడుగునా ఎవరితోనూ మాట్లాడలేదు. బదిలీ వద్దనేది కాదు అమ్మ. ఆవకాయ రెండు రోజులు ఆలస్యంగా పెట్టుకునేది, అంతే.

మన ఇళ్ళల్లో చాలా దెబ్బలు ఇలాంటివే. ఎవరూ కొట్టరు. ఎవరో తిప్పుతారు, ఎవరికో తగులుతుంది. పొలం అమ్మడం, పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్చడం, పిల్లకి సంబంధం ఖాయం చెయ్యడం. తిప్పడం తప్పని నేననను. గాలికి ఎదురు పోవాలంటే తిప్పాల్సిందే.

తిరిగొచ్చాక ఇదంతా అమ్మకి చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా వింది.

“ఇంతకీ సిద్ధంగా లేనంటే ఆగుతారా?” అంది.

“ఆగుతారమ్మా. సిద్ధమనేదాకా తిప్పరు.”

“ఎంతసేపు ఆగాలేమిటి?”

“ఎంతో పట్టదు. మహా అయితే ఒక్క నిమిషం.”

అమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

“ఒక్క నిమిషమేనా!” అంది.